జున్నుతో విశాఖకు

సూర్యాపేటలో అమ్మ ఇల్లు బేరం కుదిరిందని తెలిసిన దగ్గర్నుంచీ వీధిలో అందరూ అడిగింది ఒకటే. "మరి పిల్లిని ఏం జేస్తరు?" సమాధానం కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు. "ఈడనే ఇడిసిపెట్టి పోండ్రి. కుక్క మనిషిని నమ్ముకుంటది, పిల్లి ఇంటిని నమ్ముకుంటది. కొత్త జాగల అది బతుకదు." ఆ మాట అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అమ్మ ఊళ్ళో లేనప్పుడు జున్నుకి అన్నం కలిపి పెట్టినవాళ్ళే అందరూ. తరతరాలుగా విన్నదే వాళ్ళూ అన్నారు.

అమ్మ వాళ్ళతో వాదించలేదు. నాతో మాత్రం చెప్పింది. "నేనొస్త బిడ్డా. కానీ జున్ను రాకుంటే నేను రాను. మీ నాయిన పోయినంక ఈ ఇంట్ల నాతోటి మాట్లాడింది అదొక్కటే."

ఆ మాట తరువాత పిల్లి వస్తుందా రాదా అన్న ప్రశ్నే లేదు. ఎలా తీసుకెళ్ళాలన్నదే మిగిలింది. సూర్యాపేట నుంచి విశాఖపట్నంలో మేముండే ఇంటికి ఐదువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. జున్ను పుట్టి బుద్ధెరిగాక చేసిన ప్రయాణమల్లా టీకాల కోసం ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళిరావడమే. మిగతా లోకమంతా దానికి అమ్మ ఇల్లు, పెరట్లో జామచెట్టు, పక్కింటి డాబా.

మన భాషలోనే ఇంకో మాట ఉంది, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని. పిల్లి ఇల్లు వదలదని చెప్పే నోళ్ళే ఈ సామెతా చెబుతాయి. ఈ రెండోది పల్లెల్లో కళ్ళారా చూసి పుట్టిన మాట. గాదె వెనక ఈనిన పిల్లి అక్కడ అలికిడి ఎక్కువైందనిపిస్తే ఒక్కొక్క కూననూ మెడ పట్టుకుని అటకెక్కిస్తుంది. అక్కడా భయమనిపిస్తే గడ్డివాములోకి చేరుస్తుంది. అంటే ఇల్లు మారడం పిల్లికి చేతగాని పని కాదు. దానికి కావలసింది ఇక్కడ భయం లేదన్న భరోసా. ఆ భరోసా దానికి ముక్కు ద్వారా అందుతుంది. పిల్లి చెంపల్లో, గడ్డం కింద, పాదాల్లో వాసన గ్రంథులుంటాయి. గుమ్మానికి, కుర్చీ కోడుకి, మన కాళ్ళకు చెంప రాసినప్పుడల్లా తన గుర్తు పెట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా రాసుకున్న వాసనలన్నీ కలిసి దానికి ఇల్లు అవుతాయి. ఉన్నట్టుండి ఆ వాసన ఒక్కటీ లేని చోట దింపితే బెదిరిపోతుంది. బెదిరిన పిల్లి పారిపోతుంది. మనవాళ్ళు చూసింది ఆ పారిపోవడాన్నే. దానికి ఇంటిమీద మమకారమని పేరు పెట్టారు.

ఆ మమకారం ఎంత గట్టిదో చెప్పే కథలూ ఉన్నాయి, కాదనను. పిల్లిని గోనెసంచిలో కట్టి కాలవ అవతల వదిలేసి వస్తే మర్నాటికి పొయ్యి దగ్గర పడుకుని ఉందని చెప్పని పల్లె ఉండదు. 1922లో హెరిక్ అనే అమెరికన్ జంతు శాస్త్రవేత్త పిల్లులు ఇంటిదారి పట్టడం మీద పరిశోధన చేసి రాశారు. ఆ మధ్య ఫ్లోరిడాలో హాలీ అనే పిల్లి 2012 నవంబరులో డేటోనా బీచ్‌లో తప్పిపోయి, దాదాపు 320 కిలోమీటర్ల దూరంలో ఉన్న తన ఊరు వెస్ట్ పామ్ బీచ్‌కి ఆ సంవత్సరాంతానికి చేరింది. చర్మం కింద ఉన్న మైక్రోచిప్ చదివి అది హాలీయే అని తేల్చారు. అరికాళ్ళు ఒరిసిపోయి, చిక్కి సగమై చేరింది. ఈ కథ విని అందరూ అబ్బురపడతారు. నాకు మాత్రం ఆ అరికాళ్ళే గుర్తుంటాయి. దారి పట్టలేక మధ్యలో ఆగిపోయిన పిల్లుల కథలు ఎవరికీ తెలియవు కదా.

ఎలా వెళ్ళాలన్నదానికి మూడు దారులు చూశాం. సూర్యాపేట పట్నానికి రైలు లేదు, ఖమ్మమో విజయవాడో వెళ్ళి ఎక్కాలి. రైల్వే నిబంధన ప్రకారం కుక్కనైనా పిల్లినైనా ప్రయాణికుల వెంట ఏసీ ఫస్ట్ క్లాసులోనే రానిస్తారు, అదీ రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మనమే తీసుకుంటే. కూపే వచ్చిందీ రానిదీ చార్టు తయారయ్యేదాకా తెలియదు. రాకపోతే బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో వేయాలి. గంటల తరబడి చీకట్లో, చప్పుళ్ళ మధ్య, ఒంటరిగా. అమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. విమానానికి శంషాబాద్ వెళ్ళాలి, అది ఎదురు దిక్కు. చివరికి కారే ఖాయమైంది. మా విశాఖ డ్రైవరు అనకాపల్లి మనిషి, నెమ్మదిగా నడుపుతాడు. జంతువులకు భయపడడు.

ఎప్పుడు వెళ్ళాలన్నదీ ఆలోచించాం. కోదాడ, నందిగామ, విజయవాడ వరస ఎండాకాలంలో నిప్పుల కొలిమి. పిల్లికి ఒంటినిండా చెమట పట్టదు, అరికాళ్ళలోనే పడుతుంది. కుక్క నోరు తెరిచి వగర్చడం మామూలే గానీ పిల్లి వగర్చిందంటే అది ఆపద. సంక్రాంతి ముందు వెళ్దామంటే హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్ళే బళ్ళన్నీ టోల్ గేట్ల దగ్గర బారులు తీరతాయి. అందుకని పండగ సందడి పూర్తిగా అణిగాక, చలి ఇంకా ఉండగానే బయల్దేరాలని అనుకున్నాం.

సిద్ధపడటానికి చాలా వారాలు పట్టింది. ఈ భాగాన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లి ప్రయాణం చెడేదీ కుదిరేదీ ఇక్కడే. ముందుగా గట్టి ప్లాస్టిక్ పెట్టె కొన్నాం. ముందు తలుపుతో పాటు పైన కూడా తెరుచుకునే రకం. దాన్ని అటక మీద పెట్టకుండా హాల్లో, జున్ను ఎండ కాచుకునే కిటికీ కింద, తలుపు ఊడదీసి ఉంచాం. లోపల అమ్మ కట్టి విడిచిన నేత చీర ఒకటి, ఉతక్కుండా. మొదట జున్ను దాని చుట్టూ తిరిగి వాసన చూసి వెళ్ళిపోయింది. అమ్మ పెట్టె పక్కన అన్నం పెట్టింది, తరవాత గుమ్మంలో, తరవాత లోపల. కొన్నాళ్ళకు మధ్యాహ్నం నిద్ర అందులోనే. అప్పుడు తలుపు బిగించి క్షణంసేపు మూసి తెరవడం, ఆపైన పెట్టెను ఎత్తి దించడం, ఆ తరవాత ఆగి ఉన్న కారులో పెట్టడం. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా అలవాటు చేసిన పిల్లులు కారు ప్రయాణంలో తక్కువ బెదిరాయని తేలింది. అమ్మకు ఆ అధ్యయనం సంగతి తెలియదు. జున్ను మొహం చూసి ఈరోజుకి చాలు అని ఆపేయడం మాత్రం ఆమెకు తెలుసు.

పశువుల డాక్టరుగారు ఓపికగా అన్నీ చెప్పారు. రేబిస్ టీకా కాగితం చూసి, ఒళ్ళంతా పరీక్షించి ప్రయాణానికి పనికొస్తుందని సర్టిఫికెట్ రాసిచ్చారు. మన దేశంలో 1978 నాటి జంతు రవాణా నిబంధనల్లో కుక్కలకూ పిల్లులకూ ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, ఆరోగ్య పత్రం అందులో మొదటి షరతు. బెదురు తగ్గడానికి గాబాపెంటిన్ ఇచ్చారు. మనుషులకు మూర్ఛకు, నరాల నొప్పికి వాడే మందే. జున్ను బరువు తూచి మోతాదు చెప్పారు, ప్రయాణానికి ముందే ఒకసారి ఇంట్లో ఇచ్చి ఎలా ఉంటుందో చూడమన్నారు. పక్కింటావిడ మాత్రం తన నిద్రమాత్రలో సగం ఇస్తానని ముందుకొచ్చింది. ప్రేమతోనే అంది గానీ, ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్పాను. మనిషి మాత్రలు మన లెక్కన పిల్లికి వేయకూడదు. జ్వరానికి మనం మింగే పారాసెటమాల్ ఒక్క బిళ్ళ చాలు పిల్లి ప్రాణం తీయడానికి. దాన్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. దారిలో పాలు పోయడం కూడా వద్దన్నారు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. కడుపు చెడితే ఆ చిన్న పెట్టెలో దానికి నరకం.

తెల్లవారుజామున, ఇంకా నక్షత్రాలు ఉండగానే బయల్దేరాం. సామాను అప్పటికే లారీలో వెళ్ళిపోయింది. రాత్రి నుంచి జున్నుకి తిండి లేదు, నీళ్ళు మాత్రమే. ముందు సీటు వెనక కాళ్ళు పెట్టుకునే చోట పెట్టెను కదలకుండా ఇరికించి, పైన పల్చటి గుడ్డ కప్పాం. పక్కన అమ్మ. డిక్కీలో సిమెంటు సంచి నిండా పెరటి మట్టి. జున్ను ఇన్నాళ్ళూ జామచెట్టు కింద తవ్వి కప్పుకున్న మట్టి అది, కొత్త ఇంట్లో ట్రేలో పోయడానికి.

డ్రైవరు పెట్టె చూసి శకునం మాట ఎత్తుతాడేమో అనుకున్నాను. అతనే అన్నాడు. "పిల్లి ఎదురొత్తే ఏదో అంటారు గానమ్మా, కూడా వత్తే ఏటవుద్ది? ఇంటి మనిసే గదా."

కారు కదలగానే జున్ను అరుపు మొదలైంది. ఆకలేసినప్పటి మ్యావ్ వేరు. ఇది కడుపు లోతుల్లోంచి సాగి సాగి వచ్చే అరుపు, వింటుంటే చేతులు వణికాయి. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్‌జ్ దాకా వింటుంది, పిల్లి చెవి అరవై వేలు దాటి వింటుంది. ఇంజను, టైర్లు, లారీ హారన్లు దాని చెవికి ఎలా ఉండి ఉంటాయో మనం ఊహించలేం. పాటలు పెట్టలేదు, కిటికీ అద్దాలు దించలేదు. అమ్మ గుడ్డ కింద నుంచి రెండు వేళ్ళు పెట్టె సందులోకి పోనిచ్చి మాట్లాడుతూ కూర్చుంది. మాట్లాడటానికి ఆమె దగ్గర పెద్ద విషయమేమీ లేదు. వచ్చిన ఊరి పేరల్లా దానికి చెప్పింది. "మునగాల వచ్చింది జున్నూ. మీ నాయిన సైకిల్ మీద ఈడిదాక వస్తుండె. గిది కోదాడ."

కోదాడ దాటి పాలేరు వంతెన మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చేసరికి పొగమంచు. ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర జున్ను వాంతి చేసుకుంది. ఖాళీ కడుపు కాబట్టి నురగ తప్ప ఏమీ లేదు. రోడ్డు పక్కన ఆపాం. అన్ని తలుపులూ, అద్దాలూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే పెట్టె పైమూత తీశాం. తడిసిన గుడ్డ తీసి ఇంకో పాత చీర ముక్క పరిచాం. ఇందులో ఎవరూ తొందరపడకూడదు. ప్రయాణాల్లో పిల్లులు తప్పిపోయేది సాధారణంగా ఇలాంటి క్షణంలోనే, తలుపు తెరిచి సర్దబోయినప్పుడే. అలా తప్పిపోయిన పిల్లి ఎక్కడికో దూరం వెళ్ళదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దొరికిన పిల్లుల్లో నూటికి డెబ్భై ఐదు, తప్పిపోయిన చోటికి అర కిలోమీటరు లోపే దొరికాయి. బెదిరి ఏ తూములోనో, పొదలోనో కదలక మెదలక కూర్చుంటుంది, పిలిచినా పలకదు. హైవే పక్కన దాన్ని వెతకడం ఎవరి తరం?

నందిగామ దాటాక మందు పనిచేయడం మొదలుపెట్టింది. అరుపు మూలుగైంది, మూలుగు ఆగిపోయింది. ఇబ్రహీంపట్నం, గొల్లపూడి దాటి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేసరికి మంచు విడిపోయింది. కుడివైపు కృష్ణ తళతళమంటోంది, ఎడమవైపు ఇంద్రకీలాద్రి. అమ్మ కొండకు దణ్ణం పెట్టుకుని, ఆ చేత్తోనే పెట్టెను తాకింది. విజయవాడ దాటాక ఆమెకు ఊళ్ళ పేర్లు తెలియవు. డ్రైవరు చెప్పడం మొదలుపెట్టాడు. అతను "గన్నవరం" అంటే అమ్మ జున్నుకి గన్నవరమని చెబుతుంది. "హనుమాన్ జంక్షన్" అంటే అదీ చెబుతుంది. అది నిద్రపోతున్నా చెప్పడం ఆపలేదు.

ఏలూరు దాటాక దారి పొడవునా కొబ్బరి చెట్లు, దాళ్వా నాట్లు పడిన మళ్ళు. కారులో నిశ్శబ్దం. పిల్లిని వెంటబెట్టుకుని కొత్త చోటికి వెళ్ళిన మొదటి మనిషి ఎవరో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. సైప్రస్ ద్వీపంలో షిల్లూరోకాంబోస్ అనే చోట సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి బయటపడింది. ఒక మనిషి, పక్కనే మూరెడు దూరంలో ఒక పిల్లి. 2004లో ఆ సంగతి ప్రచురించినప్పుడు పురాతత్వవేత్తలకు అది పెద్ద వార్త. సైప్రస్‌లో సహజంగా పుట్టిన పిల్లిజాతి లేదు. అంటే ఎవరో దాన్ని పడవలో సముద్రం దాటించి తీసుకెళ్ళారు. ధాన్యం గాదెలు, ఎలుకలు అని కారణాలు చెప్పుకోవచ్చు. కానీ ఎలుకల కోసమే అయితే పక్కన పెట్టి పూడ్చరు. ఆ తరవాత పిల్లులు ఓడల మీదే లోకమంతా చుట్టాయి. 1799లో హిందూ మహాసముద్రం మధ్య ఓడలోనే పుట్టిన ట్రిమ్ అనే నల్లపిల్లి మాథ్యూ ఫ్లిండర్స్ వెంట ఆస్ట్రేలియా ఖండం చుట్టూ తిరిగింది. ఫ్లిండర్స్ మారిషస్‌లో ఫ్రెంచివాళ్ళకు బందీగా ఉన్నప్పుడు అది కనిపించకుండా పోయింది. ఆయన చెరలో కూర్చుని దాని గురించి ఒక నివాళి రాశాడు. ఖండాల పటాలు గీసిన మనిషి. పిల్లి మనిషిని నమ్ముకోదని ఆయనతో ఎవరూ అని ఉండరు.

కొత్త రోడ్డు దేవరపల్లి, కొవ్వూరు మీదుగా పోతుంది. మేం పాత రోడ్డు పట్టుకుని తాడేపల్లిగూడెం మీదుగా తణుకు వెళ్ళాం. అక్కడ నా స్నేహితురాలి ఇల్లు దాదాపు సగం దారిలో ఉంది. ఆమె తన చిన్న గది ఖాళీ చేసి, కిటికీలు బిగించి, మంచం కిందికి దూరకుండా అట్టపెట్టెలు అడ్డం పెట్టి ఉంచింది. ఇలాంటి సాయం విలువ పిల్లి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. హోటలు గదిలో ఈ నమ్మకం దొరకదు. సూర్యాపేట మట్టి కొంచెం తట్టలో పోసి, గిన్నెలో నీళ్ళు పెట్టి, పెట్టె తలుపు తీసి అమ్మా నేనూ నేలమీద కూర్చున్నాం. జున్ను చాలాసేపు రాలేదు. తరవాత పొట్ట నేలకు ఆనించి పాక్కుంటూ వచ్చి, మట్టి వాసన చూసింది. ముందు కాలితో తవ్వింది. ఆ తట్టలో కూర్చున్నప్పుడు అమ్మ కళ్ళు తుడుచుకుంది. జున్ను రెండు గుక్కలు నీళ్ళు తాగింది. తిండి ముట్టలేదు, మేమూ బలవంతం చేయలేదు. స్నేహితురాలు మాకు ముద్దపప్పు, ఆవకాయ వేసి అన్నం పెట్టింది. ఆమె పిల్లలు తలుపు సందులోంచి ఒక్కొక్కరుగా చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరూ కసరలేదు. ముందే వాళ్ళమ్మ చెప్పి ఉంచింది.

సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరి, రావులపాలెం దాటాక గౌతమి. అమ్మ గోదావరిని ఎప్పుడో భద్రాచలంలో చూసింది, ఇంత వెడల్పుగా ఎన్నడూ చూడలేదట. వంతెన మీద చిల్లర వేస్తానంటే అద్దం దించనివ్వలేదు నేను. ఆమె అర్థం చేసుకుని, రూపాయి బిళ్ళ కొంగున ముడి వేసుకుంది. కడియపులంక నర్సరీల పక్కన వెళుతుంటే బంతి, చామంతి కుండీలు రోడ్డుదాకా బారులు తీరి ఉన్నాయి. జున్ను లేచి గుడ్డ కింద నుంచి బయటకు చూసింది. పొద్దుటి అరుపు లేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసుకుని చూసింది.

అన్నవరంలో ఆగాం. పంపానది పక్కన రత్నగిరి మీద సత్యనారాయణస్వామి. కొండ ఎక్కాలని అమ్మకు ఉంది, కానీ జున్నుని వదిలి వెళ్ళదు. ఆగి ఉన్న కారు నీడలో ఉన్నా, చలికాలమైనా, ఏసీ ఆపి అద్దాలు మూస్తే కొద్ది నిమిషాల్లో లోపల వేడెక్కిపోతుంది. అందుకని ఎక్కడ ఆగినా ఒకరు కారులోనే, ఏసీ నడుస్తూనే. డ్రైవరు వెళ్ళి విస్తరాకులో కట్టిన ప్రసాదం తెచ్చాడు. బెల్లం, గోధుమనూక, నెయ్యి కలిసిన ఆ వాసనకు జున్ను ముక్కు ఎగరేసింది. "ఏటమ్మా, దానికీ దేవుడి మీద గురి కుదిరినట్టుంది" అన్నాడతను. అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

తుని, పాయకరావుపేట, నక్కపల్లి, యలమంచిలి. తన ఊరి బెల్లం గురించి డ్రైవరు గర్వంగా చెబుతుండగా అనకాపల్లి దాటాం. గాజువాక ట్రాఫిక్‌లో హారన్లకు జున్ను మళ్ళీ ముడుచుకుపోయింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

చాలామంది ఇక్కడితో ప్రయాణం అయిపోయిందనుకుంటారు. నా లెక్కన పిల్లికి ఇప్పుడే మొదలవుతుంది. కారులో ఉన్నంతసేపు దాని చేతిలో ఏమీ లేదు. పెట్టె తలుపు తెరిచిన క్షణం నుంచి ప్రతి అడుగూ అదే వేయాలి. అందుకే ఇల్లంతా ఒకేసారి చూపించకూడదు. మావారు ముందే అమ్మ గదిని సిద్ధం చేసి ఉంచారు. లారీలో వచ్చిన ఆమె పాత మంచం, ఉతకని దుప్పటి, నవ్వారు కుర్చీ, మూలన ట్రేలో పెరటి మట్టి, దానికి దూరంగా నీళ్ళు. నేల ఉత్త నీళ్ళతో తుడిచారు. కొత్త ఇల్లంటే ఫినాయిల్ పోసి కడగడం మన అలవాటు. ఫినాయిల్ పిల్లికి విషం. అది నేలమీద నడిచి పాదాలు నాకుతుంది కదా. బాల్కనీకి, కిటికీలకు గట్టి వల బిగించాం. మేడమీది ఇళ్ళల్లో పిల్లి పిట్టను చూసి దూకి పడిపోవడం అరుదైన సంగతి కాదు. మెడ పట్టీకి మా ఫోన్ నంబరున్న బిళ్ళ కట్టాం.

సూర్యాపేటలో ఉండగానే అమ్మ ఒక మెత్తటి గుడ్డతో జున్ను చెంపలు నిమిరి, ఆ గుడ్డను కవరులో దాచి తెచ్చింది. ఆ రాత్రి ఆ గుడ్డను కొత్త గది గుమ్మానికి, మంచం కోళ్ళకు, తలుపు మూలలకు, పిల్లి తల ఎత్తున రాసింది. ముందే వచ్చి గుర్తు పెట్టి వెళ్ళినట్టు.

జున్ను పెట్టెలోంచి వచ్చి నేరుగా మంచం కిందికి పోయింది. పోనిచ్చాం. దాక్కోవడాన్ని మనం బాధగా చూస్తాం గానీ పిల్లికి అదే మందు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శరణాలయానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో దాక్కోవడానికి అట్టపెట్టె ఇచ్చినవి ఇవ్వనివాటికన్నా చాలా త్వరగా కుదుటపడ్డాయి. లాగి బయటికి తీయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. చూడాల్సింది ఒక్కటే, తిండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఆ గడువు దాటనిచ్చేది లేదని డాక్టరు నంబరు దగ్గర పెట్టుకున్నాం. సముద్రం పక్కన ఊరు కదా, తాజా కానాగంతలు పెడదామని మావారన్నారు. అమ్మ వద్దంది. "ఊరు మారింది, ఇల్లు మారింది. కూడన్న పాతదే ఉండనీ." పాత గిన్నెలోనే కోడిమాంసం ఉడికించి కలిపిన అన్నం పెట్టింది. లైటు ఆర్పి, నేలమీద చాప పరుచుకుని మంచం పక్కనే పడుకుంది. అర్ధరాత్రి దాటాక గిన్నె కదిలిన చప్పుడు విన్నానని పొద్దున చెప్పింది. గిన్నె సగం ఖాళీ.

ఆ తరవాతంతా నెమ్మదిగా జరిగింది. మొదట రాత్రిళ్ళు మాత్రమే మంచం కింద నుంచి రావడం, తరవాత అమ్మ ఒళ్ళో, ఆపైన కిటికీ గట్టు. గది తలుపు తెరిచినా గడప దాటలేదు చాలాకాలం. ఎవరూ పిలవలేదు. హాల్లోకి వచ్చిన రోజున సోఫా అంచుకి, వంటింటి గుమ్మానికి, చివరికి మావారి కాలికి చెంప రాసింది. ఆ గుర్తు పడ్డాకే వంటింట్లోకి రానిచ్చాం, బాల్కనీ తలుపు తీశాం. ఇప్పుడది వల వెనక కూర్చుని పావురాలను చూస్తుంది. అమ్మ దాని పక్కన కూర్చుని కింద రోడ్డు మీద ఎవరొచ్చారో ఎవరు పోయారో దానికి చెబుతూ ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలి వస్తే ఇద్దరూ ముక్కు అటు తిప్పుతారు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, ఇల్లు మారేటప్పుడు పిల్లిని వదిలేసి వెళ్ళడం మన దగ్గర తప్పుగా కనిపించదు. కొత్తగా వచ్చినవాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. వాళ్ళు కర్ర తీసుకుని తరుముతారు. మూసిన తలుపు ముందు రోజుల తరబడి కూర్చుని అరిచిన పిల్లులను నేను చూశాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షను ప్రకారం, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం నేరం. మొదటిసారి నేరానికి ఆ చట్టం రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. దశాబ్దాలు గడిచినా ఆ అంకె మారలేదంటే మనకు ఈ ప్రాణాల మీద ఎంత పట్టింపు ఉందో తెలుస్తోంది. ఆ అంకె మారాలి. అది మారేదాకా ఆగనక్కర్లేదు, మన ఇళ్ళల్లో మనం మారవచ్చు. పిల్లి ఉన్నవాళ్ళు ఊరు మారాల్సి వస్తే, సామానుకు లారీ మాట్లాడిన రోజే పిల్లికి పెట్టె కొనండి. తలుపు తీసి హాల్లో పెట్టండి. డాక్టరును కలవండి. పెరటి మట్టి ఒక సంచి నింపుకోండి. అది మీతో వస్తుంది.